టీమ్‌లో దాక్కోవద్దు.. మైకు అందుకోండి!

మిశ్రమ స్థాయి క్లాసుల్లో గ్రూప్ ప్రాజెక్టులు ఇంగ్లిష్ నేర్పాలంటే పనుల పంపకం మారాలి

డిగ్రీలో గ్రూప్ ప్రాజెక్టు అనగానే పనులు వాటంతటవే పంచుకుపోతాయి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు రిపోర్టు రాసి, స్టేజీ ఎక్కి మాట్లాడతారు. చేతిరాత బాగున్నవాళ్లు చార్టులు వేస్తారు. బండి ఉన్నవాళ్లు ప్రింటవుట్లు, స్పైరల్ బైండింగ్ చూసుకుంటారు. మిగిలినవాళ్లు పేర్ల జాబితాలో ఉంటారు. మార్కులు మాత్రం అందరికీ ఒకటే.

మూడేళ్లు ఇలా గడిచిపోతాయి. ఆ తర్వాత ఇంటర్వ్యూ గదిలోకి టీమ్ రాదు, మీరొక్కరే వెళ్లాలి. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు చూసి 'ఇందులో మీరేం చేశారు?' అని ఇంగ్లిష్‌లో అడుగుతారు. చార్టులు వేసిన విద్యార్థి దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. విషయం తెలియక కాదు, ఆ విషయాన్ని ఇంగ్లిష్‌లో చెప్పే అవకాశం మూడేళ్లలో ఒక్కసారీ రాక.

హైదరాబాద్ పాతబస్తీ డిగ్రీ కాలేజీల్లో చదివేవారికి ఇది మరీ ముఖ్యమైన విషయం. అక్కడి క్లాసుల్లో ఇంగ్లిష్ స్థాయుల మధ్య దూరం ఎక్కువ. గ్రూప్ ప్రాజెక్టు ఆ దూరాన్ని తగ్గించగలదు. పనులు తప్పుగా పంచుకుంటే అదే ప్రాజెక్టు ఆ దూరాన్ని ఇంకా పెంచుతుంది.

ఒకే బెంచీ.. మూడు దారులు

నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న ప్రభుత్వ సిటీ కాలేజీ, హుస్సేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, ఫలక్‌నుమాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ.. ఇలాంటి చోట్ల ఒక సెక్షన్‌ను ఊహించుకోండి. ఒకరు ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి వచ్చారు. పక్కనున్నవారు జిల్లా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న తెలుగు మీడియం విద్యార్థి. మూడోవారు గల్లీలోని ప్రైవేట్ ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చదివారు. వ్యాసాలు బట్టీ పట్టి రాయగలరు కానీ, నాలుగు వాక్యాలు వరుసగా మాట్లాడాలంటే తడబడతారు. వీళ్లకు తోడు ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. అందరికీ పాఠ్యపుస్తకం ఒకటే, పరీక్ష పేపరు ఒకటే.

ఇంగ్లిష్‌తో ఈ నగరం అనుబంధం కొత్తదేమీ కాదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీని ఉర్దూ మాధ్యమంలో స్థాపించినప్పుడు కూడా ఇంగ్లిష్‌ను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు. దేశంలో ఇంగ్లిష్ బోధన మీద పరిశోధన కోసం 1958లో ఏర్పాటైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ కూడా ఇక్కడే ఉంది. ఇప్పుడది ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం. మరోవైపు 2017లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా ప్రకటించింది. అంటే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఒకే గదిలో కూర్చోవడం ఇక్కడ మామూలు విషయం.

'రాబోయే బ్యాచ్‌లన్నీ ఇంగ్లిష్ మీడియమే కదా, ఈ సమస్య తీరిపోతుంది' అనుకోవచ్చు. కాస్త లెక్క వేద్దాం. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఆ ఏడాది 8వ తరగతిలో ఉన్నవాళ్లు 2025లో పదో తరగతి రాశారు. వాళ్లు డిగ్రీకి వచ్చేది 2027లో. ఆ మార్పుతో వాళ్లకు బడిలో దక్కింది మూడేళ్ల ఇంగ్లిష్ మీడియమే. ఆ ఏడాది 1వ తరగతిలో చేరినవాళ్లు డిగ్రీ మెట్లెక్కేది 2034లో. అంటే ఇంకో దశాబ్దం పాటు డిగ్రీ క్లాసుల్లోకి మూడేళ్లు చదివినవాళ్లు, ఐదేళ్లు చదివినవాళ్లు, ఎనిమిదేళ్లు చదివినవాళ్లు వస్తూనే ఉంటారు. మిశ్రమ స్థాయి క్లాసు మరో పదేళ్లూ ఉంటుంది. దాంతోనే పని చేయడం నేర్చుకోవాలి.

జిజ్ఞాస చూపిన దారి

తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో గ్రూప్ ప్రాజెక్టుకు ఇప్పటికే ఒక వేదిక ఉంది. కళాశాల విద్యా కమిషనరేట్ నిర్వహించే 'జిజ్ఞాస' విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు. విద్యార్థులు జట్టుగా ఒక అంశం ఎంచుకుంటారు. అధ్యాపకుల పర్యవేక్షణలో సమాచారం సేకరించి, నివేదిక రాసి, ప్రజెంటేషన్ ఇస్తారు. బాగున్న ప్రాజెక్టులు రాష్ట్ర స్థాయి పోటీ దాకా వెళ్తాయి. పుస్తకం దాటి బయటికెళ్లి మనుషులతో మాట్లాడటం, అంకెలు రాసుకోవడం, నలుగురి ముందు నిలబడటం.. ఉద్యోగానికి కావాల్సిన పనులన్నీ ఇందులో ఉన్నాయి.

అయితే ఏ పోటీకైనా ఓ స్వభావం ఉంటుంది. గెలవాలంటే బాగా మాట్లాడేవాళ్లనే ముందుకు పంపాలనిపిస్తుంది. 'అరే, నువ్వే మాట్లాడెయ్ యార్.. మేం మాట్లాడితే మార్కులు పోతాయి' అని మిగతావాళ్లే వెనక్కి తగ్గుతారు. మొహమాటం కొంత, భయం కొంత. జట్టు గెలుస్తుంది, సర్టిఫికెట్ అందరికీ వస్తుంది. ఇంగ్లిష్ ప్రాక్టీసు మాత్రం అప్పటికే ఇంగ్లిష్ వచ్చినవారికే దక్కుతుంది. అవసరం ఉన్నవారికి దక్కేది గ్రూప్ ఫొటో.

తాడు లాగితే తెలిసింది

ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీర్ మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత తాడు లాగించి, ఎవరెంత బలం పెడుతున్నారో కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో ప్రచురితమయ్యాయి. ఒక్కరే లాగినప్పుడు పెట్టినంత బలం గుంపులో పెట్టలేదు. 8 మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా దాదాపు సగానికి పడిపోయింది. కొంత కారణం సమన్వయం కుదరకపోవడం. మరికొంత 'నేను లాగకపోయినా తెలియదులే' అనే ధోరణి. దీన్నే తర్వాతి కాలంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు 'సోషల్ లోఫింగ్' అన్నారు. మన భాషలో చెప్పాలంటే పనిలో తప్పించుకు తిరగడం.

గ్రూప్ ప్రాజెక్టుల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్ తక్కువ వచ్చిన విద్యార్థి తప్పించుకుంటున్నారా, మిగతావాళ్లే పక్కకు పెట్టారా అన్నది బయటికి కనిపించదు. రెండూ ఒకేలా ఉంటాయి. చాలాసార్లు రెండోదే మొదట జరుగుతుంది. రెండుసార్లు మాట మధ్యలో ఆపేస్తే, మూడోసారి ఎవరూ నోరు తెరవరు.

కీలక సమాచారం ఎవరి చేతిలో ఉండాలి?

1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఇలాంటి చిక్కే వచ్చింది. అప్పుడే స్కూళ్లలో వర్ణ విభజన తొలగించారు. శ్వేత, నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న పిల్లలు మొదటిసారి ఒకే గదిలో కూర్చున్నారు. గొడవలు మొదలయ్యాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్, ఆయన విద్యార్థులు ఒక ఉపాయం చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క మాత్రమే ఇచ్చారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. దాంతో నత్తిగా, మెల్లగా మాట్లాడే పిల్లాడి మాట కూడా మిగతావాళ్లు ఓపిగ్గా వినాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ ముక్క అతని దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. దీన్ని 'జిగ్సా' పద్ధతి అంటారు.

భాష నేర్చుకోవడానికి దీన్ని అన్వయిస్తే ఇంకా ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. భాషా పరిశోధకులు జార్జ్ యూల్, డోరిస్ మెక్‌డొనాల్డ్ 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లిష్ ఎక్కువ వచ్చినవారిని, తక్కువ వచ్చినవారిని జంటలుగా కూర్చోబెట్టారు. ఇద్దరి చేతిలో పటాలు ఉన్నాయి కానీ, వాటిలో కొన్ని తేడాలున్నాయి. ఒకరు దారి చెప్పాలి, ఇంకొకరు విని గీయాలి. బాగా వచ్చినవారు దారి చెప్పినప్పుడు పెద్దగా చర్చే జరగలేదు. తక్కువ వచ్చినవారు దారి చెప్పినప్పుడు మాత్రం ఇద్దరూ ఆగి, అడిగి, సరిచూసుకుని, అర్థం కుదిరేదాకా మాట్లాడుకున్నారు. భాష నేర్చుకోవడానికి కావాల్సింది సరిగ్గా ఈ అడిగి తెలుసుకునే సంభాషణే.

అంటే మనం మామూలుగా చేసే పంపకానికి ఇది పూర్తిగా తలకిందులు. కీలక సమాచారం, చెప్పే బాధ్యత ఇంగ్లిష్ తక్కువ వచ్చినవారికి ఇవ్వాలి. బాగా వచ్చినవారు వినాలి, ప్రశ్నలు వేయాలి, రాసినదాన్ని సరిదిద్దాలి. జట్టులో మీరు ఏ వైపు ఉన్నా గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే.

గ్రూప్ వర్క్ వద్దన్న మాటా వినాలి

అన్నిటికీ గ్రూప్ వర్కే మందు అనుకుంటే పొరపాటు. ఇంగ్లిష్ బోధనలో ప్రపంచమంతా గుర్తించిన ప్రయోగం ఒకటి మన దక్షిణాదిలోనే జరిగింది. ఎన్.ఎస్. ప్రభు నేతృత్వంలో 1979 నుంచి 1984 వరకు నడిచిన 'బెంగళూరు ప్రాజెక్టు'. గ్రామర్ పాఠాలు పక్కనపెట్టి.. రైల్వే టైంటేబుల్ చదవడం, పటం చూసి దారి కనుక్కోవడం లాంటి పనుల ద్వారా పిల్లలకు ఇంగ్లిష్ నేర్పారు. ఈ రోజు 'టాస్క్ ఆధారిత బోధన' అంటున్నదానికి అది తొలి మెట్లలో ఒకటి.

అదే ప్రభు గ్రూప్ వర్క్‌ను ప్రోత్సహించలేదు. ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటే ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుని గట్టిపడతాయని, అది కలగూరగంప భాషగా స్థిరపడిపోతుందని ఆయన వాదన. టీచర్ నోటి నుంచి వచ్చే సరైన భాష విద్యార్థులకు అందాలన్నారు.

ఈ హెచ్చరికలో నిజం ఉంది. ఐదుగురు కూర్చుని 'హి డోంట్ నో', 'ఐ యామ్ హావింగ్ డౌట్' అని మూడు నెలలు మాట్లాడుకుంటే ఆ వాక్యాలే నాలుక మీద నిలిచిపోతాయి. అందుకే ప్రాజెక్టులో రెండు విషయాలు తప్పనిసరి. ఒకటి, సరైన ఇంగ్లిష్ బయటి నుంచి జట్టులోకి రావాలి. పేపర్ కథనం, మ్యూజియం బోర్డు, ప్రభుత్వ నివేదిక, మంచి వీడియో.. ఏదైనా సరే, ముందు చదివి, విని, అందులోని వాక్యాలను వాడుకోవాలి. రెండు, వారానికోసారైనా లెక్చరర్ గానీ, జట్టులో ఇంగ్లిష్ బాగా వచ్చినవారు గానీ రాసిన డ్రాఫ్టును చూసి, పదేపదే వస్తున్న ఐదు తప్పులు గుర్తించి చెప్పాలి. ఐదు చాలు. యాభై తప్పులు ఎర్ర ఇంకుతో గీస్తే పేపరు తప్ప ఇంకేం మారదు.

మరి ప్లానింగ్ ఏ భాషలో? మీకు సులువైన భాషలో. ఎవరు ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి అన్నది ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడుకుంటే నష్టమేమీ లేదు. ఆలోచన స్పష్టంగా ఉంటేనే ఇంగ్లిష్ వాక్యం నిలబడుతుంది. చివర్లో బయటికి వచ్చేది, అంటే ప్రశ్నల జాబితా, రిపోర్టు, ప్రజెంటేషన్ ఇంగ్లిష్‌లో ఉండాలి.

ఉదాహరణకు లాడ్‌బజార్

పాతబస్తీలో ప్రాజెక్టుకు ఖర్చు అక్కర్లేదు, బస్సు కూడా అక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం, ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చౌమహల్లా ప్యాలెస్.. అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీ మీదుగా వేయాల్సిన మెట్రో మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దాని వల్ల దుకాణాలకు, ప్రయాణికులకు ఏం మారుతుందన్నది మంచి అంశం. 1908 మూసీ వరద, దాని తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిన కథ ఇంకో అంశం.

ఇక్కడ లక్క గాజులను తీసుకుందాం. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. అంతకుముందు 2010లో హైదరాబాద్ హలీమ్‌కు వచ్చింది. 'జీఐ ట్యాగ్ వచ్చాక గాజులు చేసేవారి జీవితంలో ఏం మారింది?' అన్నది ప్రాజెక్టు ప్రశ్న. ఐదుగురి జట్టు, నాలుగు వారాలు.

మొదటి వారం: జీఐ ట్యాగ్ గురించి పేపర్లలో వచ్చిన రెండు ఇంగ్లిష్ కథనాలు తెచ్చుకోండి. ఐదు ముక్కలు చేసుకుని ఒక్కొక్కరు ఒక ముక్క చదవండి. తేలికైన ముక్క తక్కువ ఇంగ్లిష్ ఉన్నవారికి ఇవ్వండి కానీ, ముఖ్యమైన ముక్కే ఇవ్వండి. చదివింది మిగతా నలుగురికి చూడకుండా చెప్పాలి.

రెండో వారం: బజారుకు వెళ్లాలి. ఇక్కడే పాతబస్తీ విద్యార్థుల బలం బయటపడుతుంది. కార్ఖానాలో పనిచేసేవారి బంధువులో, పక్కింటివారో జట్టులో ఉండొచ్చు. లక్కను కుంపటి మీద ఎలా మెత్తబరుస్తారు, ఎలా సాగదీసి గుండ్రంగా తిప్పుతారు, వేడి తగ్గకముందే రాళ్లు ఎలా పొదుగుతారు అన్నది వారికి కళ్లకు కట్టినట్టు తెలుసు. చాలాసార్లు క్లాసులో ఇంగ్లిష్ తక్కువ వచ్చినవారే ఈ విషయాల్లో అందరికన్నా ముందుంటారు. కారిగర్లతో ఉర్దూలో చనువుగా మాట్లాడి సమాధానాలు రాబట్టగలిగేదీ వాళ్లే. కాబట్టి తయారీ విధానం అనే అసలు భాగం వారి చేతిలో పెట్టండి. యూల్, మెక్‌డొనాల్డ్ పటాలతో కల్పించిన పరిస్థితి ఇక్కడ సహజంగానే ఉంది. విషయం తెలిసినవారు ఒకరు, ఇంగ్లిష్ తెలిసినవారు ఇంకొకరు. ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు.

మూడో వారం: విషయం తెలిసినవారు చెప్పాలి. 'ఫస్ట్, దే హీట్ ద లాక్. దెన్, దే రోల్ ఇట్. ఆఫ్టర్ దట్, దే ఫిక్స్ ద స్టోన్స్.' చిన్న వాక్యాలు, సరైన వాక్యాలు. ఇంగ్లిష్ బాగా వచ్చినవారు 'వై డూ దే వర్క్ సో ఫాస్ట్?' అని అడగాలి. 'బికాజ్ ద లాక్ బికమ్స్ హార్డ్' అన్న జవాబు వస్తే, ఆ విద్యార్థి తన సొంత వాక్యం తయారు చేసినట్టే. ఒక్కొక్కరు ఒక పేజీ తామే రాయాలి. తర్వాతే సరిదిద్దడం.

నాలుగో వారం: రిహార్సల్. ఎవరి భాగం ఎవరిదో ఫిక్స్ చేసుకోవద్దు. ఐదు చీటీలు వేసి, ఎవరికి ఏ భాగం వస్తే అది చెప్పాలి. అప్పుడు అందరూ అన్నీ నేర్చుకోక తప్పదు. ఇంగ్లిష్ బాగా వచ్చినవారు కూడా మిగతావాళ్లకు నేర్పకపోతే తమ జట్టే దెబ్బతింటుందని తెలుసుకుంటారు.

కలిసే వేళల గురించి ఒక మాట. జట్టులో సాయంత్రం దుకాణంలో పనిచేసేవారు ఉండొచ్చు, చీకటి పడకముందే ఇంటికి చేరాల్సినవారు ఉండొచ్చు. సమావేశాలు కాలేజీ వేళల్లోనే, లంచ్ గంటలోనో లైబ్రరీ గంటలోనో పెట్టుకోండి. రాత్రి 9 గంటలకు ఆన్‌లైన్ మీటింగ్ అంటే ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నవారు రాలేరు. రానివారిని 'ఇంట్రెస్ట్ లేదు' అనేస్తారు. అలా ముద్ర పడ్డాక తుడుచుకోవడం కష్టం.

ఏఐతో రిపోర్టు రాయిస్తే?

ఇప్పుడు చాలా జట్లు చేస్తున్నది ఇదే. చాట్‌జీపీటీకి అంశం చెబితే పది నిమిషాల్లో తప్పుల్లేని ఇంగ్లిష్ రిపోర్టు వస్తుంది. జట్టులో ఏ ఒక్కరూ ఆ రిపోర్టులోని వాక్యాన్ని నోటితో చెప్పలేరు. 'ఈ పేరాలో ఏం రాశారో మీ మాటల్లో చెప్పండి' అని ఒక్క ప్రశ్న వేస్తే గుట్టు బయటపడుతుంది.

ఏఐని అసలే వాడొద్దని చెప్పడం లేదు. ముందు మీ పేజీ మీరు రాయండి. తర్వాత 'ఇందులో తప్పులు చూపించి, ఎందుకు తప్పో సులువుగా చెప్పు' అని అడగండి. ఉర్దూలోనో తెలుగులోనో వివరణ అడిగినా ఇస్తుంది. లెక్చరర్‌కు సెక్షన్‌లో అందరి డ్రాఫ్టులూ చూసే తీరిక లేనిచోట ఇది పనికొచ్చే సాయమే. అదీ కొన్నిసార్లు పొరపాటు చెబుతుంది కాబట్టి, సందేహం ఉన్నవి లెక్చరర్‌నే అడగాలి.

మార్కులు ఎలా ఉండాలి?

అందరికీ ఒకే మార్కు ఉన్నంత కాలం పాత పంపకమే కొనసాగుతుంది. సగం మార్కులు జట్టుకు, సగం వ్యక్తిగతంగా ఇస్తే పరిస్థితి మారుతుంది. వ్యక్తిగత మార్కులను సొంతంగా రాసిన పేజీకి, చీటీలో వచ్చిన భాగాన్ని వివరించినందుకు, ఒక ప్రశ్నకు జవాబు చెప్పినందుకు ఇవ్వొచ్చు. ముఖ్యంగా, మొదటి వారం ఎక్కడున్నారు, నాలుగో వారానికి ఎక్కడికి వచ్చారు అన్నది చూడాలి. మూడు వాక్యాల నుంచి పది వాక్యాలకు వచ్చినవారి శ్రమ, మొదటి నుంచీ పది వాక్యాలు చెప్పగలిగినవారి కన్నా తక్కువేం కాదు.

60 మంది ఉన్న సెక్షన్ అంటే 12 జట్లు. ఒక్కో జట్టుకు వారానికి పది నిమిషాలు కేటాయించినా రెండు గంటలు. లెక్చరర్లకు ఇది భారమే. అందుకే మీరే వెళ్లి అడగండి. 'సార్, మా జట్టులో అందరం మాట్లాడతాం, చీటీ మీరే తీయండి' అని మీరే అంటే కాదనే లెక్చరర్ ఉండరు. కాలేజీలో తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్ ఉంటే అక్కడి మెంటార్ల దగ్గర రిహార్సల్‌కు సమయం అడగొచ్చు.

ఇంగ్లిష్ బాగా వచ్చినవారికి ఏం లాభం?

'నాకు వచ్చింది నేను చెప్పేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అందరి కోసం ఎందుకు ఆగాలి?' అన్న ప్రశ్న న్యాయమైనదే. ఉద్యోగంలోకి వెళ్లాక మీరు చేసే పని చూడండి. బీపీఓలో అయితే రకరకాల యాసల్లో మాట్లాడే కస్టమర్ల మాట ఓపిగ్గా విని, 'డూ యూ మీన్ ద సెకండ్ బిల్?' అని నిర్ధారించుకోవాలి. ఐటీలో అయితే ఇంకొకరు రాసిన డాక్యుమెంట్‌ను సరిచేయాలి. బ్యాంకులో అయితే కష్టమైన విషయాన్ని తేలికగా విడమరచాలి. వినడం, అడగడం, సరిదిద్దడం, విడమరచడం.. ఈ నాలుగూ స్టేజీ మీద ఒక్కరే మాట్లాడితే రావు. గ్రూప్ డిస్కషన్ రౌండ్‌లోనూ అందరి మాటా లాక్కునేవారికన్నా, మాట్లాడనివారిని చర్చలోకి తెచ్చి, చర్చను ముందుకు నడిపేవారే పరిశీలకుల కంట్లో పడతారు.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టును ఇలా చెప్పండి

రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు రాసి వదిలేయొద్దు. దాని కింద మీరు చేసిన పని ఒక వాక్యంలో ఉండాలి. 'ఇంటర్వ్యూడ్ 8 బ్యాంగిల్ మేకర్స్ ఇన్ ఉర్దూ అండ్ రోట్ ద ఫైండింగ్స్ ఇన్ ఇంగ్లిష్' అని ఉంటే ఇంటర్వ్యూ చేసేవారు ఆగి చదువుతారు. ఎంతమందితో మాట్లాడితే అంతే అంకె వేయండి. రెండు భాషల మధ్య పనిచేయగలరన్న సంగతి అందులోనే తెలుస్తుంది. పాతబస్తీ విద్యార్థులు తమ ఉర్దూ, తెలుగును లోటుగా చూసుకోనక్కర్లేదు. కస్టమర్ సపోర్టులో, బ్యాంకింగ్‌లో, సేల్స్‌లో, పర్యాటకంలో అవి అదనపు అర్హతలే.

నోటితో చెప్పేటప్పుడు నాలుగు మెట్లు గుర్తుపెట్టుకోండి.

• పరిస్థితి ఏమిటి: ఏ ప్రశ్న తీసుకున్నారు, ఎందుకు.
• మీ బాధ్యత ఏమిటి: జట్టులో మీకు అప్పగించిన పని.
• మీరు ఏం చేశారు: ఇక్కడ 'వుయ్' తగ్గించి 'ఐ' వాడండి.
• ఏం తేలింది: ఒక ఫలితం, మీరు నేర్చుకున్న ఒక సంగతి.

ఒక్కో మెట్టుకు రెండు వాక్యాలు, మొత్తం ఎనిమిది. జస్ట్ ఎ మినిట్ రౌండ్‌కు ఇవే సరిపోతాయి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎక్కడ ఆగుతున్నారో మీకే తెలుస్తుంది. అర్థం కాని ప్రశ్న వస్తే మౌనంగా ఉండకుండా 'కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?' అని అడగడమూ ప్రాక్టీసు చేయండి. జట్టులో పదిసార్లు అడిగినవారికి ఇంటర్వ్యూలో అది సహజంగా వస్తుంది.

ఈ సెమిస్టర్‌లో ప్రాజెక్టు పేర్ల జాబితా రాసేటప్పుడే జట్టు మొత్తం ఐదు నిమిషాలు కూర్చోండి. ఒక్కొక్కరి పేరు పక్కన రెండు గడులు గీయండి. ఒకదాంట్లో వారికి మాత్రమే తెలిసిన విషయం ఏమిటో రాయండి. రెండోదాంట్లో వారు ఇంగ్లిష్‌లో ఏ భాగం చెబుతారో రాయండి. ఎవరి పక్కనైనా గడి ఖాళీగా ఉంటే ప్రాజెక్టు ఇంకా మొదలవ్వలేదని అర్థం. ఆ ఖాళీ గడి మీదే అయితే, పక్కవాళ్లు నింపేదాకా ఆగొద్దు. పెన్ను తీసుకుని మీరే నింపండి.